మూజువాణి

మన పల్లెలలో అన్నదమ్ములు వేఱుపడునపుడు జరుగు తంతు చదువరులందఱును ఎఱిగినదే. పెద్దమనుష్యులు అరుగుమీద గూర్చుందురు. చేయితిరిగిన వ్రాతగాడొకడు కాగితము వ్రాయును. చెఱువు క్రింది మడి ఎవరికి, మెట్టచేను ఎవరికి, నూతినీరు తోడుకొను హక్కు ఎవరికి, ముసలితల్లి ఎవరి పంచ నుండవలెను అను సంగతులన్నియు అందులో జేరును. నడుమ కేకలుండును, కన్నీళ్లుండును. ఒకడు అలిగి లేచిపోవును. వానిని మరల పిలుచుకొని వత్తురు. తుట్టతుదకు ఆ కాగితమును చదివి వినిపించి పాలివారిలో ఒక్కొక్కరిచేతను సంతకము చేయింతురు. వ్రాయనేరనివాడు వ్రేలిముద్ర వేయును. సమ్మతింపనివాడు వేయడు, వేయలేదను సంగతియు ఊరికి దెలియును. కేకలు గట్టిగా వినవచ్చినవి కావున పంపకము తీఱినదని ఏ పెద్దమనిషియు జెప్పడు.

ఇంటికి మనము పాటించుకొను ఈ జాగ్రత్తను రాష్ట్రమునకు పాటింపలేకపోయితిమి. 2014వ సంవత్సరము జనవరి 30వ తేదీన, హైదరాబాదులో, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ తన రాష్ట్రము రెండుగా విడిపోవుటను గుఱించి తన మాట చెప్పవలసివచ్చెను. 294 నియోజకవర్గములనుండి ప్రజలెన్నుకొన్న సభ యది. ఆ మాట మూజువాణితో జెప్పబడెను. ఎందఱు అవుననిరో, ఎందఱు కాదనిరో, వారెవరెవరో ఆ నిర్ణయములో లేదు.

విభజన మంచిదా, చెడ్డదా యను వాదమునకు ఈ వ్యాసము పూనుకొనలేదు. ఆ వాదము 2014 జూన్ 2వ తేదీతో ముగిసినది. రెండు రాష్ట్రములును తమతమ త్రోవల నడచుచున్నవి. ఇచట విమర్శకు గుఱియగునది ఒకనాటి సభాకార్యక్రమము. గ్రంథమును విమర్శించువాడు, కవి చెప్పదలచినదేమి, చెప్పినదేమి, చెప్పక విడిచినదేమి అని మూడు ప్రశ్నలు వేసికొనును. సభాకార్యక్రమమును గూడ అట్లే చదువవచ్చును. అదియు ఒక రచనయే. వందలమంది నోట బుట్టి, లేఖకుల చేత బడి, ముద్రితమై, ముందుతరములవారికి సాక్ష్యముగా నిలుచు రచన.

ముందుగా ఆ మాటను జూతము. హిందుస్తానీలో ‘మూ’ యనగా నోరు. ‘జబానీ’ యనగా నాలుకతో జెప్పినది. కాగితముతో పనిలేక నోటితో జెప్పిన సంగతి యని దాని భావము. అది కచేరీలవెంట మన భాషలో జొచ్చి, మనవారి నోట నలిగి, చివరకు సరస్వతిని దలపించు ‘వాణి’గా మాఱినది. పేరు మధురమే. కాని కచేరీలో నోటిమాటకును వ్రాతకును గల తారతమ్యము మనకు దెలియనిది కాదు. అప్పిచ్చినవాడు నోటిమాటను నమ్ముకొన్నచో వాని గతి యేమగునో ముంగిట తిరుగాడు పిల్లలకు గూడ దెలియును.

శాసనసభలో దీని వాడుక యిట్లు: సభాపతి ప్రతిపాదనను జదివి, దీనికి అనుకూలురు ‘అవును’ అనవలెనని కోరును, పిదప ప్రతికూలురు ‘కాదు’ అనవలెనని కోరును. రెండు ధ్వనులను విని, ఏది పెద్దదని తనకు దోచినదో దానిని సభాభిప్రాయముగా ప్రకటించును. రాజ్యాంగములోని 189వ అధికరణము సభలోని ప్రశ్నలు హాజరై ఓటువేసిన సభ్యులలో అధికసంఖ్యాకులచే నిర్ణయింపబడవలెనని చెప్పుచున్నది. అధికసంఖ్య యనగా లెక్కకు సంబంధించినది. ఆ లెక్కను ఏ విధమున దేల్చవలెనో మాత్రము ఆ అధికరణము చెప్పలేదు. ఆ పని సభానియమములకు విడువబడినది. లెక్కింపవలసిన చోట వినుటతో సరిపెట్టుకొను అలవాటు ఆ ఖాళీలో బుట్టినది.

ఈ అలవాటును సంపూర్ణముగా నిందించుట న్యాయము కాదు. సభలో ఒక్కనాడు జరుగు పనులను జూడుడు. ప్రశ్నోత్తరములు, పత్రములను సభాముఖమున నుంచుట, సంఘముల నివేదికలు, చిన్న సవరణ బిల్లులు, వ్యయపద్దులు. వీనిలో అనేకములయందు ఎవరికిని భేదాభిప్రాయ ముండదు. ప్రతిదానికిని పేర్లు పిలిచి లెక్కించినచో దినములు చాలవు. ఇంట ఉప్పు, చింతపండు తెచ్చుటకు దస్తావేజు వ్రాయించుకొనము గదా. మూజువాణి అట్టి దినవెచ్చముల కొఱకు బుట్టిన సాధనము. భూమిని పంచుకొనునప్పుడు గూడ దానినే వాడినచో తప్పు సాధనముది కాదు, వాడినవారిది.

ఇక ఆనాటి కథ. రాజ్యాంగములోని 3వ అధికరణము క్రొత్తరాష్ట్రములను ఏర్పఱచు అధికారమును పార్లమెంటున కిచ్చినది. అట్టి బిల్లు పార్లమెంటులో ప్రవేశపెట్టుటకు రాష్ట్రపతి సిఫారసు కావలెను. రాష్ట్రము యొక్క విస్తీర్ణముగాని, సరిహద్దులుగాని, పేరుగాని మాఱునపుడు రాష్ట్రపతి ఆ బిల్లును ఆ రాష్ట్ర శాసనసభకు బంపి, తాను విధించిన గడువులోపల అభిప్రాయము తెలుపుమని కోరవలెను. గడువు విధించు ఏర్పాటు 1955లో జరిగిన ఐదవ సవరణతో వచ్చినది. ఈ పద్ధతి ననుసరించి 2013 డిసెంబరులో పునర్విభజన బిల్లు హైదరాబాదునకు వచ్చెను. 2014 జనవరి 23వ తేదీవఱకు మొదటి గడువు. రాష్ట్రము మఱికొంత కాలము కోరగా ఒక వారము మాత్రము లభించెను. ఆ వారము జనవరి 30వ తేదీతో ముగిసెను.

ఆ కాలములో సభ మాటాడినది. రోజులకు రోజులు గందరగోళములో గడచిన మాట నిజమే. అయినను అనేకులు లేచి తమ తలపు జెప్పిరి. హైదరాబాదు ఎవరిది కావలెను, కృష్ణాగోదావరీ జలముల పంపక మెట్లు, ఉద్యోగుల గతి యేమి, 1973లో 32వ సవరణవలన రాజ్యాంగమున జేరిన 371-డి అధికరణము విభజనకు అడ్డమా కాదా అను ప్రశ్నలు విచారణకు వచ్చెను. సవరణలు, సూచనలు వేల సంఖ్యలో అందెను. ఈ చర్చలో మాటాడిన ప్రతివానికిని పేరున్నది. ఎవరేమనిరో చదువగోరినవారు చదువవచ్చును. కావున ఆ సభ మూగదైపోయినదని చెప్పుట తప్పు. ఈ చర్చాభాగము ఆ రచనలో మెచ్చదగినది.

చర్చకు ముగింపు వేఱువిధముగా వచ్చెను. బిల్లును తిరస్కరించుచున్నామనియు, దానిని పార్లమెంటులో ప్రవేశపెట్టుటకు సిఫారసు చేయవలదనియు రాష్ట్రపతిని కోరు తీర్మానమును ముఖ్యమంత్రి నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి ప్రతిపాదించియుండిరి. ఆ తీర్మానపు నోటీసు మంత్రివర్గపు సమ్మతి లేకయే వెళ్లినదని తెలంగాణ మంత్రులు అభ్యంతరము జెప్పిరి. 30వ తేదీన, సభ్యులు సభాపతి పీఠమును జుట్టుముట్టి ఇరుపక్షముల నినాదములతో సభ మాఱుమ్రోగుచుండగా, సభాపతి నాదెండ్ల మనోహర్ ఆ తీర్మానమును మూజువాణి ఓటునకు బెట్టి, నెగ్గినదని ప్రకటించి, సభను నిరవధికముగా వాయిదావేసిరి. నిర్ణయమునకు బట్టినవి కొన్ని నిముషములు. ఆనాడే శాసనమండలిలోను మూజువాణితోనే తిరస్కారము జరిగెను.

ఇక మన మూడు ప్రశ్నలు. చెప్పదలచినదేమి? ఈ బిల్లు మాకు వలదని. చెప్పినదేమి? అదియే. చెప్పక విడిచినదేమి? ఆ ‘మాకు’ అనగా ఎవరికో. వాక్యములో క్రియ యున్నది, కర్మ యున్నది, కర్త లేడు. వ్యాకరణములో అట్టి వాక్యము చెల్లునేమో గాని ప్రజాప్రతినిధి సభలో చెల్లరాదు. ప్రతినిధి యనగా మఱొకరికి బదులుగా నిలుచువాడు. వాని మాట వాని సొంతసొత్తు కాదు. పంపినవారికి లెక్క జెప్పవలసిన సొత్తు. గుంపులో గలిసిన కంఠమునకు లెక్క యడుగుట యెట్లు? నలుగురితో నారాయణా యన్నవాడు ఆ నారాయణనామము తనదని చెప్పుకొననువచ్చును, కాదని తప్పించుకొననువచ్చును.

ఫలితము మఱునాటినుండియే గనబడెను. శాసనసభ బిల్లును తిరస్కరించినదని ఒక పక్షమువారు చెప్పిరి. ఆ గందరగోళములో ఎవరేమనిరో ఎవరికి వినబడినది, అది సభాభిప్రాయమే కాదు, అసలు అభిప్రాయము చర్చలోనే యున్నదని రెండవ పక్షమువారు చెప్పిరి. ఇరువురిలో ఎవరిని గాని అంకె చూపుమని యడిగిన చూపలేరు. తిరస్కరింపగోరినవారు తమ బలమును నిరూపించుకొను అవకాశమును పోగొట్టుకొనిరి. ఎదిరించినవారును తాము ఎదిరించితిమనుటకు సభాపుస్తకములో ఒక పంక్తిని సంపాదించుకొనలేకపోయిరి. పంపకములో ఇద్దఱన్నదమ్ములును నష్టపోవుట మన గ్రామములలో అరుదు కాదు. అచట సాధారణముగా కాగితము సరిగా లేకపోవుటయే కారణము.

ఈ విమర్శకు మూడు సమాధానములు చెప్పవచ్చును. మూడింటిలోను కొంత బలమున్నది.

మొదటిది: ఆ కోలాహలములో లెక్కించుట యెట్లు? సభ్యులు తమ స్థానములలో లేనప్పుడు ఎవరిని లేచి నిలువుమందురు? ఇది నిజమైన కష్టమే. సభాపతి స్థానములో గూర్చున్నవాని యిబ్బంది బయటివారికి దెలియదు. గడువు ఆనాటితో దీఱిపోవుచుండెను. కాని ఇరువైపులవారును తమ సంఖ్యను తెలిసికొనగోరియుండినచో ఒక పూట నెమ్మదించుట అసాధ్యము కాదు. గడువుండగా, చివరి దినమునకు ముందే, పేరుపేరున ఓటు తీసికొనుటకు ఒక దినము నిర్ణయించుకొనవచ్చును. ఆ యేర్పాటు లేకపోవుటకు బాధ్యత ఒక్క సభాపతిది గాదు, అన్ని పక్షములది.

రెండవది: సభ యభిప్రాయమునకు పార్లమెంటు కట్టుబడనక్కఱలేదు గదా, లెక్కించి ప్రయోజనమేమి? కట్టుబడనక్కఱలేదను మాట నిజము. బొంబాయి రాష్ట్రమునకు సంబంధించిన బాబూలాల్ పరాటే వ్యాజ్యెములో 1959లోనే సుప్రీముకోర్టు ఆ సంగతి తేల్చినది. అయితే ఈ వాదము ఎదురుతిరుగును. శాసనబలము గల నిర్ణయము ఒక్క ఓటుతో నెగ్గినను చెల్లును. దాని వెనుక చట్టమున్నది. చట్టబలము లేని అభిప్రాయమునకు ఉన్న బలమంతయు దాని బరువే. ఎందఱు చెప్పిరి, ఎవరెవరు చెప్పిరి, ఏ ప్రాంతమునుండి ఎందఱు చెప్పిరి అనునదే ఆ బరువు. కట్టుబడనక్కఱలేనివానికి మన మనసు తెలుపునపుడు మన పేర్లను దాచుకొన్నచో మన మాటను మనమే తేలిక చేసికొన్నట్లు.

మూడవది: కోస్తా, రాయలసీమలనుండి 175 మంది, తెలంగాణమునుండి 119 మంది, లెక్క బహిరంగమేగదా యనవచ్చును. ఇది చూపునకు సూటిగా నున్నను అన్నిటికంటె బలహీనమైన వాదము. మనుష్యులను వారి ఊళ్లను బట్టి లెక్కించుటకు సభ యెందుకు, పటము చాలును. భాషారాష్ట్ర సూత్రమును బట్టి మార్క్సిస్టు కమ్యూనిస్టులు విభజనను వ్యతిరేకించిరి, సి.పి.ఐ. వారు బలపఱచిరి. రెండు పక్షములకును రెండు ప్రాంతములలోను కార్యకర్తలుండిరి. పెద్దపక్షములలోనైతే ఒకే జెండా క్రింద రెండు ప్రాంతముల సభ్యులును చెఱియొక మాట చెప్పుచుండిరి. తన ప్రాంతమువారి కోపమునకు వెఱవక వేఱొక మాట చెప్పదలచిన సభ్యుడు ఒక్కడున్నను, వాని ధైర్యము చరిత్రలో నమోదు కావలసినది. తన పక్షపు నాయకుని మొగము జూచి మనసు మార్చుకొన్నవా డొక్కడున్నను, అదియు నమోదు కావలసినదే. మూజువాణి ధైర్యవంతుని, పిరికివానిని ఒక్కతీరుగా మఱుగుపఱచును.

లెక్కించిన దినములు మన చరిత్రలో లేకపోలేదు. 1954 నవంబరు 6వ తేదీని జ్ఞప్తికి దెచ్చుకొందము. కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మేర్పడి అప్పటికి ఏడాది దాటి కొన్ని వారములు మాత్రమే. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. మద్యనిషేధ విషయమున వచ్చిన వివాదముమీద అవిశ్వాస తీర్మానము వచ్చెను. అది ఒక్క ఓటు తేడాతో నెగ్గెను, ప్రభుత్వము పడిపోయెను. తుపాకికి ఎదురుగా ఱొమ్ము చూపినవాడని పేరుపొందిన వృద్ధనాయకుడు ఒక్క ఓటునకు తలవంచి దిగిపోయిరి. ఆ ఫలితమును మెచ్చినవారును, నొచ్చుకొన్నవారును గలరు; అది జరిగినదా లేదా యని సందేహించినవారు లేరు. అంతటి తక్కువ తేడాను ఏ చెవి వినగలదు? ఆనాడు ధ్వనిని బట్టి తీర్పు చెప్పియున్నచో ఆంధ్రరాష్ట్ర చరిత్రలో ఒక పుట శాశ్వతముగా శంకాస్పదమై యుండెడిది.

మరుసటి యేటి సంగతి మన విషయమునకు మఱియు దగ్గఱది. 1955లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ సంఘము తన నివేదికలో, తెలంగాణ ప్రాంతమును ప్రస్తుతమునకు వేఱు రాష్ట్రముగా నుంచి, 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల పిదప ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండువంతులమంది కోరినచో ఆంధ్రతో గలుపవచ్చునని సూచించెను. అనగా లెక్కను కోరినది. దానిమీద హైదరాబాదు శాసనసభలో చర్చ జరుగగా, 174 మంది సభ్యులలో 147 మంది తమ అభిప్రాయములు తెలిపిరి; విశాలాంధ్రకు అనుకూలముగా 103 మంది, వేఱుగా నుండవలెనని 29 మంది, తక్కినవారు తటస్థులుగా చెప్పిరని లెక్క తేలెను. సంఘము సూచించిన గడువువఱకు ఆగక 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశము ఏర్పడెను. ఆ అంకెలపై తరువాత అర్ధశతాబ్దము వాదములు జరిగినవి. నూటమూడుగురిలో తెలుగువారెందఱు, కన్నడిగులు మహారాష్ట్రులు ఎందఱు అని తర్కించిరి. అట్లు తర్కించుటకు వీలుండుటయే ఆ లెక్కలోని మేలు. అంకెపై వాదించుట వేఱు, అఱపుపై వాదించుట వేఱు. మొదటిది ఎప్పటికైన ఒక కొలిక్కి వచ్చును. రెండవది తరతరముల పగగా మిగులును.

సభలు చిన్నవిషయమని తలచిన దానిని రాజ్యాంగము పెద్దదని తలచినచో లెక్క తప్పదు. శాసనమండలిని రద్దుచేయగోరు రాష్ట్రసభ, 169వ అధికరణము ప్రకారము, మొత్తము సభ్యులలో సగముకంటె నెక్కువమందియు, హాజరై ఓటువేసినవారిలో మూడింట రెండువంతులకు దక్కువ కానివారును ఒప్పుకొన్న తీర్మానము చేయవలెను. 2020 జనవరి 27వ తేదీన, విభజనానంతరపు ఆంధ్రప్రదేశ్ శాసనసభ తన మండలిని రద్దుచేయుమని కోరినపుడు 133 ఓట్లు అనుకూలముగా బడినట్లు, వ్యతిరేకముగా నొక్కటియు బడనట్లు ప్రకటింపబడెను. ప్రతిపక్షమైన తెలుగుదేశమువారు ఆనాడు సభకు రాలేదు. 2021 నవంబరులో ఆ తీర్మానమును సభయే వెనుకకు దీసికొనెను. చూడుడు: 58 మంది కూర్చుండు ఒక సభ యుండవలెనా వలదా యనుటకు తలలు లెక్కపెట్టిరి, కోట్లమంది కాపురముండు రాష్ట్ర మొకటిగా నుండవలెనా వలదా యనుటకు చెవియొగ్గి విని ఊరకుండిరి. మొదటిచోట సభ్యులు శ్రద్ధగలవారనియు రెండవచోట అశ్రద్ధులనియు కాదు. మొదటిచోట నియమము వారిని విడువలేదు, అంతే.

ఆ తరువాతి కథయు ఇదే త్రోవను నడచెను. 2014 ఫిబ్రవరి 18వ తేదీన లోక్‌సభలో బిల్లు మూజువాణితో నెగ్గెను. ఆ సమయమున సభాప్రసారము నిలిచిపోవుటచే ఇండ్లలో గూర్చున్న ప్రజలకు ఆ ధ్వనియైనను వినబడలేదు. 20వ తేదీన రాజ్యసభలోను మూజువాణియే. మార్చి 1వ తేదీన రాష్ట్రపతి సమ్మతి లభించెను. వలదని హైదరాబాదులో వినబడిన ధ్వనికిని, కావలెనని ఢిల్లీలో వినబడిన ధ్వనికిని మధ్య తీర్పు జరిగినది. తీర్పు మాట యెట్లున్నను, రెండుచోట్లను వ్రాతయందు మిగిలినది ధ్వనియొక్క జ్ఞాపకమే.

మూజువాణిలో మఱియొక దోషము కలదు. అది గృహస్థులకు, ముఖ్యముగా గృహిణులకు, సుళువుగా దెలియును. ధ్వనిని బట్టి నిర్ణయించుచోట మెత్తని కంఠమునకు విలువ తగ్గును. సభలో మగవారు అధికులు. ఉన్న కొలదిమంది స్త్రీలు వేదికచుట్టు మూగిన గుంపులో ద్రోసికొని పోలేరు, పోవలసిన పనియు లేదు. వృద్ధుడైన సభ్యుని, జబ్బుమనిషియైన సభ్యుని గతియు నింతే. ఓటు అను భావమే బలవంతుని గొంతును, బలహీనుని గొంతును సమానము చేయుటకు బుట్టినది. పొలములోని కూలివానికిని, ఆ పొలము గల ఆసామికిని ఒక్కొక్క చీటియే. ఎన్నికలనాడు మనము ఊరిబయట నిలుచుండి కేకలు వేయము. ఏ పక్షమువారు గట్టిగా నఱచిరో దానిని బట్టి అధికారి ఫలితము ప్రకటింపడు. తమ్ము నెన్నుకొనుటకు అంతటి జాగ్రత్తగా లెక్క కోరువారు, తాము నిర్ణయించునపుడు ఆ లెక్కను విడుచుట సబబా?

మన సంస్కరణోద్యమము నేర్పిన పాఠమొకటి ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చుచున్నది. మౌనము అర్ధాంగీకారమను లోకోక్తిని అడ్డుపెట్టుకొని, పీటలమీద తలవంచుకొన్న పసిపిల్ల పెండ్లికి సమ్మతించినదని పెద్దలు నిర్ణయించుకొనుచుండిన కాలమొకటి యుండెను. సంస్కర్తలు పోరాడినది ఆ పిల్ల సమ్మతిని ఆ పిల్లయే తన నోట, తనకు దెలిసిన వయసులో, చెప్పవలెనని. ఒకరి సమ్మతిని మఱొకరు ఊహించుకొనరాదు అనుట ఆ ఉద్యమపు సారము. మౌనమునుండి సమ్మతిని ఊహించుట తప్పయినచో గోలనుండి ఊహించుటయు తప్పే. రెండింటిలోను ఒక్కొక్క మనిషి తన పేర జెప్పవలసిన మాటను గుంపునకు అప్పగించుచున్నాము.

దీనికి మందు దొరకనిది కాదు. చాలవఱకు నియమములలోనే యున్నది. సభాపతి ప్రకటించిన ఫలితమును సభ్యులు కాదనినచో విడదీసి లెక్కించు పద్ధతి మన సభలలో గలదు. అయితే లోక్‌సభ నియమములలో 367వ నియమమును జూడుడు: లెక్కింపు అనవసరముగా కోరబడినదని సభాపతికి దోచినచో, సభ్యులను తమతమ స్థానములలో లేచి నిలువుమని చెప్పి తలలు మాత్రము లెక్కింపవచ్చును, అప్పుడు పేర్లు వ్రాయబడవు. అనగా పేర్లు నమోదగుట ఒక్కరి విచక్షణపై ఆధారపడియున్నది. అమెరికా రాజ్యాంగములో వేఱు యేర్పాటు గలదు. సభలో హాజరైనవారిలో ఐదవవంతు కోరినచో, ఎవరు అవుననిరో ఎవరు కాదనిరో పేర్లతో సభా దినచర్యలో నెక్కింపవలెను. ఆ కోరికను ఎవరును త్రోసిపుచ్చజాలరు. అల్పసంఖ్యాకుల చేతిలో నుంచిన తాళపుచెవి యది. అల్పసంఖ్యాకులు నిర్ణయమును ఆపలేరు. నిర్ణయించినవారి పేర్లను వెలుగులోనికి దేగలరు.

మన రెండు రాష్ట్రముల సభలును ఇట్టి నియమమును చేసికొనుటకు 208వ అధికరణము స్వేచ్ఛ నిచ్చుచున్నది. ఆంధ్రప్రదేశములో 175 మంది, తెలంగాణములో 119 మంది. పెద్ద సంఖ్యలు కావు. మీట నొక్కినంత మాత్రమున పేర్లతో సహా లెక్క తేలు యంత్రములు నేడు గలవు. అవి లేనిచోట పేరు పిలిచినను చాలును. అన్నిటికిని అక్కఱలేదు. రాష్ట్రపు ఎల్లలు, రాజధాని, భూమి, నీరు, పన్ను, ప్రజల హక్కులు వీనిని దాకు తీర్మానములకును బిల్లులకును పేర్లతో ఓటు తప్పనిసరి చేసినచో చాలును. అంతమాత్రమున సభలు ఋష్యాశ్రమములగునని నేననను. తన పేరు వ్రాయబడునని తెలిసిన సభ్యుడు ఓటునకు ముందు బిల్లును ఒక్కసారియైన చదువును. ఆ మేలు చాలును.

చదువరులు చేయదగిన పనియు నొకటి గలదు. మనయింట పత్రిక వచ్చినపుడు సభలో ఎవరు ఎవరిని దూషించిరో, ఎవరు కాగితములు చించిరో ఆ వార్తను ముందు చదువుదుము. దానికి దిగువ చిన్న అక్షరములతో ఇన్ని బిల్లులు ఆమోదింపబడినవని యుండు పంక్తిని విడుతుము. పాలుగారి లెక్కను, చాకలిపద్దును వ్రాసిపెట్టుకొను ఇల్లాలు ఆ పంక్తివద్ద ఆగి, మా ఊరి సభ్యుడు ఏమనెను అని యడుగవలెను. ఓటు కోరుటకు వాకిటికి వచ్చినపుడు ఆ సభ్యుని మొగముమీదనే అడుగవలెను. అడుగువారు లేనంతకాలము చెప్పవలసిన అవసరము వారి కుండదు.

2014 జనవరి 30వ తేదీనాటి కార్యక్రమము ఎవరి ఓటమియో, ఎవరి గెలుపో నేడు విచారించి ప్రయోజనము లేదు. పంపకము జరిగిపోయినది. అన్నదమ్ములు వేఱువేఱు పొయ్యిలు పెట్టుకొనిరి. పదేండ్ల ఉమ్మడి రాజధాని గడువును 2024 జూన్‌తో దీఱిపోయినది. నదీజలముల తగవులు, ఆస్తుల లెక్కలు మాత్రము ఇంకను నడచుచున్నవి. ఆ తగవులు సభలముందునకు మరల వచ్చును. మరల తీర్మానములు చేయవలసివచ్చును. ఆ దినమున సభాపతి ‘అవుననువారు’ అని పిలిచినప్పుడు, ఏ ఒక్క సభ్యుడైనను లేచి, “అయ్యా, నా పేరు వ్రాయింపుడు” అని కోరినచో, ఆ సభాకార్యక్రమము చదువదగిన గ్రంథమగును.